బల్ల కింది రాత

కుట్టుమిషన్ల డాక్టర్ని నేను.
ఓ నూనె కుప్పె, రెండు స్క్రూడ్రైవర్లు, కిక్కుకి లొంగని మోటారుసైకిలు.
సావోపావ్లోలో ఈ బోం రెతీరో పేటకి పొద్దు వాలదు,
దారం అయిపోతుంది, అంతే.
ఏ ఇంట్లో సూది విరిగిందో
మెట్ల దగ్గరే చెప్పేస్తాను.

పెద్ద వీధిలో గాజు తలుపులు కొరియావాళ్ళవి.
తలల్లేని బొమ్మలు, చల్లగాలి,
గల్లాపెట్టె పక్కన చెక్కుతీసిన పియర్ ముక్కలు.
నాకూ ఒకటి పెడతారు, పుల్లకి గుచ్చి.
వెనక సందు, మూడో అంతస్తు,
పట్టపగలే దుప్పటి కట్టిన కిటికీలు బొలీవియావాళ్ళవి.
అక్కడా పెడతారు,
మంచులో ఎండిన బంగాళాదుంపల పులుసు.
మిషను మీదే గిన్నె. గిన్నెలో ఓ దారప్పోగు.

గాజు తలుపులో గౌను ఎనభై తొమ్మిది.
దుప్పటి వెనక అదే గౌను కుట్టినందుకు మూడున్నర.
ఆ రెంటి మధ్య నా కాళ్ళకి నాలుగొందల అడుగులు.
లెక్కలు నాకు రావు. అడుగులు వచ్చు.

ఇద్దరూ చీటీలు కడతారు. తెలిశాక నవ్వొచ్చింది.
మల్‌సూన్ గారి చర్చి చీటీ
ఒకరికి కొట్టు అడ్వాన్సు, ఒకరికి కొడుకు డెంటల్ కాలేజీ.
ప్రిమితీవా చీటీ ఎత్తిన రోజే
తనని ఎక్కించి తెచ్చిన బస్సు చార్జీకి పోతుంది,
బస్సు దిగి నాలుగేళ్ళయినా.

"వాళ్ళు కష్టపడి పైకొచ్చారోయ్,
వీళ్ళకి ఆ యావ లేదు" అంటాడు కాఫీకొట్టు అదెమీర్.
పదహారు గంటలు వంగిన వీపుల కింది అంతస్తులో
కూర్చుని అంటాడు.
నేనేమీ అనను. అతని ఖాతాలో నా బాకీ ఉంది.
పైగా నేనూ ఈశాన్యం కరువు తరిమితే
కడుపు చేత్తో పట్టుకొచ్చినవాణ్ణే.
ఈ దేశంవాణ్ణి గనక కాగితం అడగలేదు,
యాసకి నవ్వి వదిలేశారు.

జూలైలో, చలి ముదిరాక,
ప్రిమితీవా మిషను బెల్టు తెగింది.
పాత మిషను. మల్‌సూన్ గారి గోడౌన్లోంచి వచ్చింది,
ఖరీదు వారం వారం కూలిలో కోత.
బల్ల కింద దూరితే అప్పటికే అక్కడ ఒక కాపురం:
దిండు, రంగు పెన్సిళ్ళు, ఆరేళ్ళ దెయ్సీ.
"ఇవేం బొమ్మలు?" అంది పైకి చూపిస్తూ.
చెక్కలో మేకుతో గీసిన సున్నాలు, గీతలు.
"ఇది కుర్చీ. ఇది మెట్టు.
వీడు టోపీ పెట్టుకున్నాడు."

ఫోనులో ఫొటో తీసి
గాజు తలుపు అవతల చూపించాను.
నోట్లు లెక్కపెడుతున్న మల్‌సూన్ గారు లెక్క తప్పారు.
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టి, రబ్బరుబ్యాండు వేసి,
అప్పుడు అన్నారు,
"మా పెద్దాడి రాత.
ఆ రోజుల్లో మాకూ కాగితాల్లేవు.
కిటికీకి దుప్పటి కట్టేదాన్ని."
"ఏం రాశాడమ్మా?"
"మిషను ఆగితే నిద్ర పట్టదు, అని."

పియర్ ముక్క పుల్లకి గుచ్చారు.
నాకివ్వలేదు, తనూ తినలేదు.
ఈలోగా ఫోను మోగింది.
"శుక్రవారానికి ఇంకో రెండొందలు. రేటా?
మూడున్నరే" అన్నారు,
చేతిలో పుల్ల అలాగే ఉంది.

నా బెల్టు ఖరీదు మాత్రం ఆవిడే ఇచ్చారు.
ఎందుకో అడగలేదు, చెప్పలేదు.

బెల్టు బిగించడానికి మళ్ళీ బల్ల కిందికి దూరాను.
ఆ గీతల పక్కనే ఎర్ర పెన్సిలుతో
అవే గీతలు, వంకర్లు పోయి, టోపీవాడు తలకిందులై.
చదవడం రాకపోయినా చూసి రాసింది పిల్ల.
పైన మిషను అందుకుంది.
కింద దాని రెప్పలు వాలాయి.

నూనె కారి చెరిగిపోతుందేమోనని
అక్కడ ఓ గుడ్డముక్క అడ్డం కట్టి వచ్చాను.